పచ్చి కట్టె

జనవరి 17

మధ్యాహ్నం తమ్ముడి బిడ్డ సంధ్య ఇంటి ముందున్న దుకాణానికి వచ్చింది. స్కూటీకి కట్టుకుని కాలేజీ వాళ్ళ బాస్ గిటారు తెచ్చింది. పోయినేడు దాని తల విరిగితే అతికించి ఇచ్చింది నేనే. మళ్ళీ విరిగిందేమో అనుకున్నాను. కాదు.

"గిసొంటిదే నాకొకటి చేసియ్యవా పెదబాపు" అంది.

నవ్వాను. ముప్ఫయ్యేళ్ళుగా తలుపులు, మంచాలు, దేవుడి మందిరాలు చేస్తున్నాను. గిటారు చేయమని ఎవరూ అడగలేదు. సంధ్య ఊరుకోలేదు. మామూలు గిటారుకు ఆరు తీగలు, దీనికి నాలుగే, అవీ తాళ్ళంత లావు. దీని మోత చెవికి పెద్దగా అందదట, కడుపుకు అందుతుందట. అది లేకపోతే మాత్రం పాట బోలుగా ఉంటుందట. కాలేజీలో అయిదుగురు ఆడపిల్లలు కలిసి బ్యాండు పెట్టుకున్నారు. జూన్ రెండున పెద్దపల్లిలో వేదిక మీద వాయించాలి. ఎండాకాలం సెలవుల్లో కాలేజీ గిటారు బయటికి ఇవ్వరు. అందుకని సొంతది కావాలి.

బుచ్చన్న ఎందుకు రాలేదని నేను అడగలేదు. నా తమ్ముడి బొగ్గుగని క్వార్టరు యైటింక్లయిన్ కాలనీలో. దుకాణానికి పావుగంట దారి. బిడ్డను పంపాడు. తను వస్తే కాదంటానని వాడికి తెలుసు.

కాదనలేదు. గిటారును కాగితం మీద పడుకోబెట్టి చుట్టూ పెన్సిల్‌తో గీసుకున్నాను.

జనవరి 21

మా ఆవిడ రాజకుమారి అడిగింది, మనసులో ఏమీ పెట్టుకోకుండా చేస్తావా అని. ఏం పెట్టుకుంటాను అన్నాను. ఆమె అన్నం వడ్డించి అవతలికి పోయింది.

బొగ్గు గనిలో పనిచేసే బాపు పోయింది తొంభై తొమ్మిదిలో. ఇంకా ఎనిమిదేళ్ళ సర్వీసు ఉండగానే గుండెనొప్పి వచ్చింది. బాపు పేరు మీద ఇంట్లో ఒకరికి ఉద్యోగం. పెద్దవాణ్ణి నేను. ఇరవై నాలుగేళ్ళు నాకు, బుచ్చన్నకు ఇరవై ఒకటి. అవ్వ నన్ను పక్కన కూర్చోబెట్టుకుని చెప్పింది, "నీ చేతిల పనున్నది కొడుకా. వాని చేతిల ఏమున్నది?" మరునాడు ఆ ఉద్యోగం బుచ్చన్నకు ఇవ్వడానికి నాకు అభ్యంతరం లేదని కాగితం మీద సంతకం పెట్టాను.

చేతిలో పని ఉండటం నా తప్పయింది.

జనవరి 22

ఇంకొకటి కూడా రాసుకోవాలి. రెండు వేల మూడులో రాజకుమారికి ఏడో నెలలో నొప్పులు వచ్చాయి. కంపెనీ దవాఖాన కార్డు మాకు లేదు. జీపులో కరీంనగర్ తీసుకుపోయాను. దారిలోనే అయిపోయింది. ఆ తరువాత మాకు పిల్లలు లేరు. కార్డు ఉంటే ఏమయ్యేదో. ఏమీ మారేది కాదేమో.

రెండేళ్ళకు బుచ్చన్నకు సంధ్య పుట్టింది. చూడటానికి పోయాము. బిడ్డను రాజకుమారి ఒళ్ళో పెట్టారు.

ఫిబ్రవరి 6

గిటారు ఒంటికి పాత టేకు దొరికింది. కూలగొట్టిన ఇంటి ద్వారబంధం, ఎప్పుడో యాభై ఏళ్ళ కిందటి చెక్క. రందాతో చిత్రిక పడితే పైనున్న నలుపు పోయి లోపల తేనె రంగు వచ్చింది. వాసన ఇంకా పోలేదు. ఇంత పాత కట్టె ఇక కదలదు, సాగదు, ముడుచుకోదు. ఎండకూ వానకూ ఎప్పుడో అలవాటు పడిపోయింది.

మూడు ముక్కలు అతికించి బిగించాను. రేపటికి జిగురు పట్టుకుంటుంది.

ఫిబ్రవరి 15

ఒళ్ళు కోత అయింది. రెండు కొమ్ములు, నడుము దగ్గర చిన్న వంపు. సంధ్య వచ్చి దాన్ని ఒళ్ళో పెట్టుకుని, తీగలు లేని చెక్క మీదనే వేళ్ళు ఆడించింది. "కడుపుకు ఒత్తుకుంటలేదు పెదబాపు, ఆ కాలేజీది ఒత్తుకునేది" అంది. ఆ వంపు నేను కావాలనే ఎక్కువ తీశాను, ఆ పిల్ల సన్నం కదా. చెప్పలేదు.

రెండు గంటలు ఇక్కడే కూర్చుంది. చాయ్ తాగాము. ఓపెన్ కాస్ట్ గనిలో బ్లాస్టింగ్ అయినప్పుడు దుకాణం రేకులు అదిరితే, "గదే పెదబాపు, బాస్ అంటే గదే" అని నవ్వింది.

ఈ పని బాగుంది. ఇన్నేళ్ళలో ఏ పని చేసినా ఇట్లా పొద్దు తెలియకుండా పోలేదు.

ఫిబ్రవరి 22

బుచ్చన్న వచ్చాడు. ఒక్కడే కాదు, వెంట వాళ్ళ గని సూపర్‌వైజరు. ఆయనకు సోఫా చేయించాలట. నా తమ్ముడు నా దుకాణంలో నిలబడి, నా బెంచీ మీద చెయ్యి వేసి ఆయనతో అన్నాడు, "మా అన్నది దొర బతుకు సార్. నీడపట్టున పని. పాతికేండ్ల సంది మన్నుల పడి పొర్లుతున్నది నేను."

సూపర్‌వైజరు నవ్వాడు. నేను కూడా నవ్వాను. సోఫాకు కొలతలు రాసుకున్నాను.

పోయేటప్పుడు బుచ్చన్న గిటారు ఒంటిని చూసి మంచిగున్నదన్నాడు.

ఫిబ్రవరి 23

మెడకు చెక్క కావాలి. సామిల్లుకు పోయి టేకు తెచ్చాను. మంచి రంగు, నిలువు పోగు, కొమ్మ ముడి కన్ను ఒక్కటీ లేదు. దుంగ ఈ మధ్యనే వచ్చినట్టుంది. కోసిన చోట చెయ్యి పెడితే చల్లగా ఉంది.

అటక మీద ఎనిమిదేళ్ళుగా ఆరుతున్న ముక్క ఒకటి ఉంది. అది పొట్టి.

ఫిబ్రవరి 24

అటక మీద కట్టె ఉండగా సామిల్లుకు ఎందుకు పోయావని రాజకుమారి అడిగింది. దానికి కన్ను ఉంది, పనికి రాదన్నాను.

నిన్న పొట్టి అని రాశాను. పొట్టి కూడా.

మార్చి 4

ఎండలు ముదురుతున్నాయి. మెడ చెక్కుతున్నాను. పచ్చిది కాబట్టి రందా కింద వెన్నలా పోతోంది. లోపల నిలువుగా గాడి తీసి ఇనుప కడ్డీ పెట్టాను. తీగల బరువుకు మెడ ముందుకు వంగితే ఆ కడ్డీని మరతో బిగించి సరిచేయవచ్చు. అందుకే ఉంటుంది ఆ కడ్డీ. కట్టె కొంచెం అటూ ఇటూ అయినా అది చూసుకుంటుంది.

వంగితే చూసుకుంటుంది. మెలి తిరిగితే కడ్డీ ఏమీ చేయలేదు. కానీ ప్రతి కట్టే మెలి తిరగాలని లేదు.

మార్చి 11

మెడ మీద జిట్రేగి చెక్క పలక అతికించాను. నల్లగా, నూనె పెట్టినట్టు ఉంది. దాని మీద వేళ్ళ స్థానాలు చూపే సన్నటి లోహపు గీతలు, ఫ్రెట్లంటారు, ఇరవై కొట్టాలి. ఒక్కొక్కదాని మధ్య దూరం కొంచెం కొంచెం తగ్గుతూ పోవాలి. వెంట్రుకవాసి తేడా వచ్చినా స్వరం తప్పుతుంది. సంధ్య ఫోన్‌లో లెక్క తీసి ఇచ్చింది. మూడు రోజులు ఇదే పని. ఒక్కటి కూడా తప్పలేదు.

ఇంత శ్రద్ధగా చేస్తున్నవాడు మనసులో ఏదో పెట్టుకున్నాడని ఎవరైనా అనగలరా?

మార్చి 15

అటక మీది ముక్క దించాను. బూజు తుడిచి కొలిచాను. పొడుగు చాలుతుంది. నాలుగు వైపులా తిప్పి చూశాను, కన్ను లేదు.

ఇప్పుడు మార్చాలంటే మళ్ళీ మొదటినుంచి చేయాలి. టైం లేదు.

పైన పెట్టేశాను.

మార్చి 16

జూన్ రెండుకు ఇంకా రెండున్నర నెలలు ఉంది.

మార్చి 24

పాలిష్. పొద్దున ఒక పూత వేస్తే మధ్యాహ్నానికి దాని మీద బొగ్గు దుమ్ము సన్నగా వాలుతోంది. ఎమరీ పేపర్‌తో రుద్ది మళ్ళీ వేయాలి. చివరికి ముందు గదిలో రాజకుమారి పాత చీరలు గుడారంలా కట్టి, దాని లోపల కూర్చుని వేశాను. ఆరు పూతలు. మొహం కనబడుతోంది.

పాలిష్ వేస్తే పచ్చి కట్టెకూ ఎండు కట్టెకూ తేడా కనపడదు.

ఏప్రిల్ 3

ఇచ్చేశాను.

మోతను పట్టే పికప్‌లు, తీగలు బిగించే కీలు హైదరాబాదు నుంచి వచ్చాయి. సంధ్య స్నేహితురాలు ఒకామె వైర్లు కలిపింది. నాలుగు తీగలు ఎక్కించాము. బుచ్చన్న కూడా వచ్చాడు. చిన్న స్పీకరు డబ్బా నేల మీద పెట్టి సంధ్య వాయించింది. మొదటి దెబ్బకే కాళ్ళ కింద గచ్చు పలికింది. ఏదో పెద్ద జంతువు నిద్రలో మూలిగినట్టు ఉంది. మెల్లగా ఒక వరస పట్టుకుని, కళ్ళు మూసుకుని, దాన్నే మళ్ళీ మళ్ళీ వాయించింది. రాజకుమారి గడపలో నిలబడి కొంగుతో కళ్ళు ఒత్తుకుంది. ఈ చేతులతోనే చేశానా అనిపించింది.

బుచ్చన్న బిడ్డ పక్కన కూర్చుని గిటారు ఒంటి మీద అరచెయ్యి ఆనించి పెట్టాడు. తనదేనని చూపించుకుంటున్నాడు అనుకున్నాను. తరువాత దాన్ని చేతిలోకి తీసుకుని, వెనక్కి తిప్పి, మెడ మీద వేలి కణుపుతో రెండుసార్లు తట్టాడు. నావైపు చూశాడు. "మంచిగ చేసినవ్ అన్నా" అన్నాడు.

సంధ్య వంగి నా కాళ్ళు మొక్కింది. నేను వెనక్కి జరిగాను.

ఏప్రిల్ 28

సంధ్య ఫోన్. మూడో తీగ గరగరమంటోందట. తీసుకురమ్మని కడ్డీ బిగించి ఇచ్చాను. గరగర పోయింది.

మే 7

నలభై ఆరు డిగ్రీలు. ఫోన్ రాలేదు. మెడ నిలిచినట్టే ఉంది. పాత మేస్త్రీలు చెప్పేవన్నీ నిజం కావు.

మే 12

సంధ్య వచ్చింది. గిటారును బెంచీ మీద పెట్టి, తల దగ్గరనుంచి ఒక కన్ను మూసి చూశాను. మెడ మెలి తిరిగింది. పైభాగం ఎడమకు వాలింది. ఒకవైపు తీగలు ఫ్రెట్లకు తగులుతున్నాయి, మరోవైపు లేచి ఉన్నాయి. ఏ కడ్డీ బిగించినా రాదు.

ఆ పిల్ల నా మొహం చూస్తోంది. "నాదే తప్పు పెదబాపు. కిటికీ కాడ పెట్టిన, ఎండ పడ్డది. ఆరు పూతలేసి నువ్వంత కష్టపడి చేస్తే నేను రెండు నెల్లు సుత ఉంచుకోలే" అంది. చున్నీతో కళ్ళు తుడుచుకుంది.

ఎండకు కట్టె అట్లానే అవుతుంది, ఏడవకు అన్నాను.

అబద్ధం కాదు.

మే 13

అబద్ధం కాదు. ఎండకు కట్టె అట్లానే అవుతుంది.

జూన్ 2

పెద్దపల్లి పోయాను. ఇంట్లో చెప్పలేదు, మేకులు కొనుక్కురావడానికి అన్నాను. వెనక వరసలో నిలబడ్డాను. ఆ పిల్లలు మూడు పాటలు వాయించారు. సంధ్య చేతిలో ఎవరిదో ఎర్ర గిటారు. మెడ పొట్టిది. ఫ్రెట్ల దూరాలు వేరు. నేను చేసినదానికి అలవాటుపడ్డ వేళ్ళు దాని మీద తప్పటడుగులు వేస్తున్నాయి. రెండో పాటలో ఒకచోట ఆగిపోయింది. జనం గమనించలేదు. బోలుగా అయిన పాట ఎట్లా ఉంటుందో నాకు తెలిసింది. పాడుతున్న పిల్ల ఒకసారి వెనక్కి తిరిగి చూసింది. సంధ్య తల వంచుకుని, మళ్ళీ అందుకుని, చివరిదాకా తల ఎత్తకుండా వాయించింది.

మేకులు కొనడం మరిచిపోయాను. రాజకుమారి అడగలేదు.

జూన్ 5

మొదటి షిఫ్టు దిగి బుచ్చన్న నేరుగా దుకాణానికి వచ్చాడు. మొహం మీద బొగ్గు ఇంకా పోలేదు. గిటారును సంచిలోంచి తీసి బెంచీ మీద పెట్టాడు. నేను ఎండ సంగతి మొదలుపెట్టాను. చెయ్యి ఎత్తి ఆపాడు.

"పచ్చి కట్టె అని నాకు ఆ దినమే ఎరుక" అన్నాడు. "దినాం గనిల కప్పుకు ఆపిన కట్టెలు తట్టి సూసినంకనే దాని కింద నిలవడుత. నాకు తెల్వదా అన్నా?"

కట్టె తట్టి పచ్చిదో ఎండిందో చూడటం మా ఇద్దరికీ నేర్పింది బాపు. వాడు మరిచిపోయి ఉంటాడనుకున్నాను.

తెలిసి ఎందుకు తీసుకుపోయావని అడిగాను. నేను ఆ రోజు కాగితం మీద సంతకం పెట్టినప్పటినుంచీ నవ్వుతూనే ఉన్నానట. ఆ నవ్వు చూసినప్పుడల్లా వాడికి ఏదో అవుతుందట. ఆ సూపర్‌వైజరు ముందర కూడా ఉడికించడానికే అన్నాడట, ఒక్కసారన్నా తిడతానేమోనని.

"నీ కడుపులున్నది గిట్లనన్న బయటికొస్తదనుకున్న. పోరికి తగుల్తదన్న సోయి నాకు లేకపాయె" అన్నాడు.

అప్పుడు నేను అరిచాను. పాతికేళ్ళది అరిచాను. జీపు సంగతి, కరీంనగర్ దారి సంగతి, అన్నీ. వాడు మెడ పక్కకు వంచి కుడి చెవి నావైపు పెట్టి విన్నాడు. ఎందుకట్లా నిలబడ్డావన్నాను. ఎడమ చెవి పోయి ఆరేళ్ళయిందట. డ్రిల్లు పనిలో పోయింది. బిడ్డ వాయించేది కూడా సరిగా వినపడదు, చెయ్యి ఆనిస్తే తెలుస్తుంది అన్నాడు.

ఆరేళ్ళు. పావుగంట దారి.

"నౌకరి నాకియ్యొద్దని ఆనాడు ఒక్క మాటంటే నేను పోకపోదును. నువ్వనలే" అన్నాడు పోతూ.

నిజమే. నేను అనలేదు. అవ్వ మంచి కొడుకు అనాలని సంతకం పెట్టాను. అంది కూడా. మూడుసార్లు అంది.

జూన్ 6

సంధ్యకు చెప్పవద్దని వాడు అనలేదు. చెప్పమనీ అనలేదు.

జూన్ 9

రాజకుమారికి ముందు చెప్పాను. అటక మీది కట్టె దించినరోజే తనకు తెలుసంది. మరి అప్పుడే ఎందుకు అనలేదన్నాను. "నువ్వే మల్ల మారుస్తవనుకున్న" అంది. ఆమె మొహంలోకి చూడలేకపోయాను.

సాయంత్రం క్వార్టరుకు పోయాను. బుచ్చన్న డ్యూటీలో ఉన్నాడు. సంధ్య నీళ్ళు తెచ్చి ఇచ్చింది. కూర్చోమన్నాను. కట్టె సంగతి, సామిల్లు సంగతి, కిటికీ దగ్గర ఎండ సంగతి అంతా చెప్పాను. తప్పు నీది కాదు, నేను తెలిసే చేశానన్నాను. మొదట నవ్వింది, నేనేదో తన తప్పును నా మీద వేసుకుంటున్నాననుకుని. తరువాత నవ్వు ఆగిపోయింది.

"ఎవరి మీద కోపం?" అని అడిగింది.

మీ బాపు మీద అన్నాను.

"మరి వాయించేది నేను గద" అంది.

కొత్త మెడ చేసి ఇస్తానన్నాను. ఖాళీ గ్లాసు తీసుకుని లోపలికి పోయింది. కాసేపు చూశాను. మళ్ళీ రాలేదు. తలుపు దగ్గరికి వేసి వచ్చాను.

జూన్ 20

అటక మీది టేకుతో మొదలుపెట్టాను. ఎండిన కట్టె గట్టిది, ఉలికి తొందరగా లొంగదు. చేతులు బొబ్బలెక్కాయి. వానలు పడ్డాయి. చెక్క మీద తేమ పట్టలేదు.

సోఫా సంగతి ఎంతదాకా వచ్చిందని సూపర్‌వైజరు ఫోన్ చేశాడు. వేరే ఎవరినైనా చూసుకోమన్నాను.

జూలై 2

ఫ్రెట్లు అయిపోయాయి. ఇదివరకటి లెక్క కాగితం ఉంది, సంధ్య చేతిరాత.

ఇంతకంటే మంచి పని నా చేత ఎప్పుడూ కాలేదు. చూడటానికి ఎవరూ రాలేదు.

జూలై 9

మెడ ఒంటికి బిగించి అయిదు రోజులయింది. తీగలు ఎక్కించి గోడకు ఆనించాను. పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి ఒక కన్ను మూసి చూస్తున్నాను. వెంట్రుకవాసి కదల్లేదు.

బుచ్చన్నకు ఫోన్ చేసి అయిపోయిందని చెప్పాను. చెప్త అన్నాడు. డ్యూటీ ఎట్లుంది అని అడిగాను. ఏమన్నావని అడిగాడు. కుడి చెవి వైపు పెట్టుకో అన్నాను. పెట్టుకున్నట్టున్నాడు. మంచిగనే ఉన్నదన్నాడు. తరువాత షిఫ్టు టైం అయిందని పెట్టేశాడు.

జూలై 14

పదకొండు గంటలకు సంధ్య వచ్చింది. ఒక్కతే. స్కూటీ స్టాండు వేసి చెప్పులు గడప బయట విడిచింది. నేను బెంచీ తుడిచి కుర్చీ వేశాను. కూర్చోలేదు. నిలబడే గిటారు అందుకుంది, స్పీకరుకు కలపకుండానే నాలుగు తీగలూ ఒక్కొక్కటి మీటింది. మెడ పొడవునా వేళ్ళు నడిపింది. పైన, మధ్యన, చివరన. ఎక్కడా గరగర లేదు. ఒక కన్ను మూసి తల దగ్గరనుంచి మెడను చూసింది. ఆ చూడటం నా దగ్గరే నేర్చుకుంది.

ఎట్లుందన్నాను.

"మంచిగ కుదిరింది. చాన కష్టపడ్డరు మీరు" అంది.

చాయ్ తాగి పొమ్మన్నాను. "లేదండి, క్లాసున్నది. మల్ల ఎప్పుడన్న వస్త. మీరు పని చేసుకోండి" అంది. గిటారును సంచిలో పెట్టి, జిప్పు చివరిదాకా లాగి, భుజాన వేసుకుని పోయింది. స్కూటీ మలుపు తిరిగేదాకా నిలబడ్డాను.

రాజకుమారి వంటింట్లోంచి అడిగింది, ఎవరు వచ్చిండ్లు, గిరాకీనా అని.

అవునన్నాను.